రెండు రాత్రుల బస

నగోయా
నవంబరు 9, 1996

శ్రీమతి ఇవాబుచి సచియే గారికి,

నమస్కారం. ఇక్కడ ఆకులు ఇప్పుడిప్పుడే ఎర్రబడుతున్నాయి. సప్పోరోలో ఈపాటికి మంచు మొదలై ఉంటుంది. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా పేరు కమియా చిగుస. పేరు చూడగానే నేనెవరో మీకు తెలుస్తుందనుకుంటున్నాను. మీ చిరునామా అవొమొరిలోని పెద్దమ్మ ఇచ్చారు. "ఇంటికి రాయకు, వంటశాలకి రాయి" అని రెండుసార్లు చెప్పారు. ఎందుకని నేను అడగలేదు.

నాకిప్పుడు ఇరవై ఎనిమిది. గోడ పలకలు తయారుచేసే కంపెనీలో రంగులు చూసే పని. ఫిబ్రవరి పదిన మీ ఊరు వస్తున్నాను. రెండు రాత్రులుండి పన్నెండున వెళ్లిపోతాను. ఒక చిన్న సలహా కోసం రాస్తున్నాను. విమానాశ్రయం పైనే ఒక హోటలుందట. ఊరి నడిబొడ్డున చాలా ఉన్నాయట. రెండు రాత్రుల కోసం వచ్చేవాళ్లకి ఏది నయం? ఆఫీసులో అడిగితే తలా ఒకటి చెబుతున్నారు. మీరు అక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు కనుక మీకు బాగా తెలిసి ఉంటుంది.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబిస్తే చాలు. ఇంకేమీ రాయాల్సిన అవసరం లేదు.

కమియా చిగుస


సప్పోరో, బడిపిల్లల వంటశాల
నవంబరు 21

చిగుసకి,

నువ్వు అని రాయొచ్చో లేదో తెలియక మూడు కాగితాలు చించేశాను. మీరు అని రాస్తే నా చెయ్యి సాగడం లేదు. క్షమించు.

నీ ఉత్తరం ఉల్లిపాయలు తరిగే వేళకి వచ్చింది. మంచిదే అయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

నువ్వడిగింది ముందు రాస్తాను. విమానాశ్రయం హోటలే నయం. ఫిబ్రవరిలో ఇక్కడ మంచు ఎలా పడుతుందో నీకు తెలియదు. పొద్దున ఎండ, మధ్యాహ్నానికి ఎదుటి మనిషి కనపడడు. రైళ్లు ఆగిపోతాయి, విమానం తప్పిపోతుంది. అక్కడైతే మెట్లు దిగితే విమానమే. పైన వేడినీటి స్నానాల గది ఉంది, చాలా బాగుంటుందట. ఊళ్లో అయితే అప్పుడే మంచు పండుగ. గదులు దొరకవు, దొరికినా కిటికీ తెరిస్తే పక్క గోడ. కాలిబాటలు అద్దంలా గడ్డకట్టి ఉంటాయి. నగోయా బూట్లతో రెండడుగులు కూడా వెయ్యలేవు. పెట్టె మోసుకుంటూ రైలెక్కడం, దిగడం, అదంతా ఎందుకు?

నువ్వు అక్కడే ఉంటే నేనే వస్తాను. పదో తారీఖున సెలవు పెడతాను. ముప్పావు గంట ప్రయాణమే.

ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకు. ఉత్తరాలు ఇక్కడికే రాయి.

నువ్వింకా చేప చర్మం తీసి పక్కన పెడతావా?

సచియే


నగోయా
డిసెంబరు 15

అమ్మకి,

ఈ మాట రాయడానికి నేనూ మూడు కాగితాలు చించాను. లెక్క సరిపోయింది.

పెట్టను. ఇప్పుడు చర్మమే ముందు తింటాను. హరుయే అమ్మ బాగా కరకరలాడేలా కాలుస్తుంది. (నాన్న రెండో పెళ్లి చేసుకున్న సంగతి పెద్దమ్మ చెప్పే ఉంటుంది. హరుయే అమ్మ మంచి మనిషి. నన్ను ఎప్పుడూ ఏ మాటా అనలేదు. నీ గురించి కూడా.)

నీ సలహాకి థాంక్స్, కానీ నేను వినను. విమానాశ్రయంలో చూడ్డానికి ఏముంటుందమ్మా? పీతల డబ్బాలు, చాక్లెట్ల దుకాణాలు, గడియారం చూసుకుంటూ పరిగెత్తే మనుషులు. నాకు ఊళ్లోనే ఉండాలని ఉంది. నువ్వు చేపలు కొనే బజారు చూడాలి. నువ్వెక్కే ట్రామెక్కాలి. మీ వీధి చివర నిలబడి మీ ఇంటి కప్పు మీద ఎంత మంచు పడిందో చూడాలి, లోపలికి రాకపోయినా సరే. మంచు మీద జారి పడతానంటావా, పడితే పడతాను. ఆరేళ్లప్పుడు నేర్పాల్సిన నడక ఇప్పుడు నేర్పు. బాకీ ఉన్నావుగా!

కోప్పడకు. నవ్వుతూనే రాశాను.

గదులు దొరకవన్నావు, దొరికింది. పెద్ద పార్కు పక్కనే, ఏడో అంతస్తు. కిటికీలోంచి మంచు బొమ్మలు కనపడతాయట. ఇద్దరికి సరిపోయే గదే తీసుకున్నాను, నువ్వు ఒక రాత్రి ఉండగలిగితే ఉంటావని. నీకు ఎదురుగా కూర్చుని అడగాల్సిన సంగతి ఒకటుంది. ఉత్తరంలో రాసేది కాదు.

చిగుస


సప్పోరో, వంటశాల
జనవరి 12, 1997

చిగుసకి,

నువ్వు నవ్వుతూ రాశానన్నావు. నేను మాత్రం నవ్వుతూ జవాబు రాయలేకపోతున్నాను. మొదటి ఉత్తరంలో మంచు గురించి అంత పొడుగున రాసింది ఒక మాట రాయలేకే.

ఇక్కడ నీ సంగతి ఎవరికీ తెలియదు.

మీ నానమ్మ నన్ను పంపించేసినప్పుడు, పిల్ల కమియా ఇంటి పిల్ల, ఇంక ఈ గడప తొక్కొద్దు అన్నారు. మీ నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. రెండేళ్ల తర్వాత అక్క ఈ సంబంధం చూసింది. ఆయన పేరు తదాకి. ట్రామ్ డ్రైవరు. ఎక్కువ మాట్లాడడు. ముందొక పెళ్లయిందని మాత్రం చెప్పాం. పాప ఉందని చెబితే ఆయన తల్లి ఒప్పుకోదని అక్క అంది. ముందు స్థిరపడు, మెల్లగా చెబుదువుగాని అంది. ఆ మెల్లగా ఎప్పటికీ రాలేదు. మాకు పిల్లలు పుట్టలేదు. అత్తగారు, "పాపం, దీనికి తల్లి అయ్యే రాత లేదు" అనేది. తలొంచుకుని విన్నాను. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు చెబితే ఇన్నేళ్లూ ఎందుకు దాచావని ఆయన అడిగితే ఏం చెప్పను?

నువ్వు ఊళ్లో ఉంటే ట్రామెక్కుతానంటావు. ఎక్కితే నడిపేది ఆయనే కావచ్చు. బజారులో చేపలమ్మే ఆమెకి నేను తెలుసు. వంటశాల వాళ్లంతా ఆ పార్కు చుట్టుపక్కలే ఉంటారు. నీ మొహం నా మొహంలాగే ఉందని అక్క చెప్పింది.

విమానాశ్రయంలో మనల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ పక్కనే కూర్చుంటాను. ఊళ్లో గది వదిలెయ్యి. నా కోసం ఈ ఒక్కటీ చెయ్యి తల్లీ.

అమ్మ


నగోయా
జనవరి 24

అమ్మకి,

గది వదిలేశాను. విమానాశ్రయంలోనే తీసుకున్నాను. అక్కడి నుంచి విమానాలు తప్ప ఇంకేమీ కనపడవట. పోనీలే, నేను వచ్చేది మంచు బొమ్మల కోసం కాదు.

చదివిన రోజు కోపం వచ్చిన మాట నిజం. రెండో రోజు తగ్గింది. నువ్వు పక్కన కూర్చుంటానన్నావు, నాకదే కావాలి.

ముదురాకుపచ్చ కోటు వేసుకుంటాను. పదకొండు గంటలకి, రెండో అంతస్తులో లిఫ్టు దగ్గర. నన్ను గుర్తుపట్టలేకపోతే పిలవకు. నేనే వస్తాను.

చిగుస


సప్పోరో
ఫిబ్రవరి 13

చిగుసకి,

జరిగిందంతా నీకు తెలుసు. అయినా నా చేత్తో నేను రాయాలి. రాయకపోతే అలా జరగలేదని నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెడతాను. దాయడం నాకు అంత అలవాటైపోయింది.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే నిన్ను గుర్తుపట్టాను. కోటు చూసి కాదు. నువ్వు ఎడమకాలి మీద బరువేసి నిలబడ్డావు, బడికి వెళ్లే రోజుల్లోలాగే. నీ గదిలో ఇద్దరం మంచం మీద కూర్చుని నేను తెచ్చిన అన్నం తిన్నాం. సాల్మన్ చర్మం నువ్వు నిజంగానే ముందు తిన్నావు. "ఉప్పెక్కువైందమ్మా" అన్నావు. ఇరవై రెండేళ్ల తర్వాత నాకు పెట్టిన మొదటి వంక. ఎంత బాగుందో! తర్వాత స్నానానికి వెళ్లాం. నీ వీపు రుద్దాను. కుడి భుజం కింద పుట్టుమచ్చ నా బొటనవేలు పెట్టగానే తగిలింది. నువ్వు తిరిగి నా వీపు రుద్దుతూ, "ఇంత సన్నగా ఉన్నావేంటి, వంటశాలలో తిండి పెట్టరా?" అన్నావు. టీ తాగుతూ ఆ సంగతి అడుగుతాను పద, అన్నావు.

ఆ టీ దాకా వెళ్లలేదు.

లిఫ్టు దిగగానే పక్కింటి నుమాటా గారు. టోక్యో వెళ్లాల్సిన విమానం మంచు వల్ల రద్దయిందట. సంచులతో నిలబడి ఉన్నారు. విమానాశ్రయంలో ఎరిగినవాళ్లు ఉండరని నీకు రాసిన దాన్ని నేనే. ఈ ఊరి వాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నా అక్కడికే రావాలన్న ఇంగితం లేకపోయింది.

"అరే, ఇవాబుచి గారూ! మీరేంటి ఇక్కడ? ఎవరీ అమ్మాయి? చుట్టాలా?"

"అబ్బే, ఎవరో నాకు తెలీదండీ. దారి అడిగితే చూపిస్తున్నాను."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇద్దరి జుట్టూ తడిగా ఉంది. ఒకటే సబ్బు వాసన. ఆవిడ నిన్ను చూసింది, నన్ను చూసింది. నువ్వు నడుం వంచి నాకు నమస్కారం పెట్టావు.

"చాలా థాంక్సండీ. ఇక నేను వెళ్లగలను" అన్నావు.

"రైళ్లు కూడా ఆపేస్తారట, తొందరగా రండి, కలిసి వెళ్దాం" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను వెళ్లాను. ఆవిడ సంచి ఒకటి మోసుకుంటూ వెళ్లాను. రైల్లో ముప్పావు గంటసేపు ఆవిడ మనవడి దగ్గు గురించి విన్నాను.

మర్నాడు మొదటి రైలుకే వచ్చాను. నువ్వు గది ఖాళీ చేసి వెళ్లావన్నారు. ఇంకో రాత్రి మిగిలి ఉండగానే.

నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి.

అమ్మ


సప్పోరో, మినామి వీధి, మా ఇంటి నుంచి
మార్చి 17

చిగుసకి,

నెల దాటింది. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాయకపోవడమే న్యాయం. అయినా ఒక సంగతి నీకు తెలియాలి.

మొన్న ఆయనకి చెప్పాను. సెలవు రోజు. వరండాలో కూర్చుని మంచు తోసే పారకి కొత్త పిడి బిగిస్తున్నారు. వెనక నిలబడి మొత్తం చెప్పేశాను. విమానాశ్రయం, నుమాటా గారు, అన్నీ. ఆయన పిడి బిగించడం ఆపలేదు.

"చిగుస కదూ పేరు?" అన్నారు.

నా నోట పేరు రాలేదు అప్పటికి. పాప అనే చెబుతున్నాను.

"మీకెలా తెలుసు?"

"పెళ్లికి ముందు మీవాళ్లు నీ పాత కుటుంబ నమోదు పత్రం నకలు తెచ్చారుగా. అందులో ఉంది. అమ్మకి చూపించకుండా నేనే దాచా."

"ఇరవై ఏళ్లు! ఒక్కసారి అడగొచ్చుగా!"

"నువ్వే చెబుతావని చూశా. రెండేళ్లయింది, ఐదేళ్లయింది. తర్వాత అడగాలంటే భయమేసింది. గుర్తుచేస్తే ఆ పిల్ల దగ్గరికి వెళ్లిపోతావేమోనని."

ఆ పార అక్కడే పడేసి లోపలికి వెళ్లారు. నేను చెప్పుల దగ్గరే కూర్చుండిపోయాను. ఆయన భయపడి నోరు మూసుకున్నారు, నేను భయపడి నోరు మూసుకున్నాను. మా ఇద్దరి భయానికీ నీ బాల్యమంతా ఖర్చయిపోయింది. చలికాలం సెలవులకి నువ్వు ఇక్కడికి వచ్చి ఉండొచ్చు, ఎండాకాలం సెలవులకి వచ్చి ఉండొచ్చు. ఆయన ట్రాములో ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవారట. ఆయనే అన్నారు, అన్నం తింటూ, తలెత్తకుండా.

ఇంక హోటలు మాటే వద్దు. మేడ మీద గది కడిగాను. కాగితపు కిటికీకి కొత్త కాగితం అంటించాం. విమానాశ్రయానికి ఆయన, నేను ఇద్దరం వస్తాం. రమ్మని అడిగే హక్కు నాకు లేదని తెలుసు. గది ఉందని మాత్రం చెబుతున్నాను.

నువ్వు అడగాలనుకున్న సంగతి ఏమిటి?

అమ్మ


నగోయా
ఏప్రిల్ 20

ఇవాబుచి సచియే గారికి,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆలస్యానికి మన్నించండి. చెర్రీ పూలు రాలిపోయాయి ఇక్కడ. మీకింకా రెండు వారాలు పడుతుందేమో.

తిట్టమన్నారు. నాకు కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది. మీరు ఆ మాట అన్నప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. భయపడ్డారని మీ మొహంలోనే కనిపించింది. మిమ్మల్ని కాపాడాలనే నమస్కారం పెట్టాను. అవసరమైతే ఇంకో పదిసార్లు పెట్టేదాన్ని. తర్వాత రైలు మెట్ల దాకా మీ వెనకే వచ్చాను, మీకు తెలియదు. వెనక్కి ఒకసారి చూస్తారనుకున్నాను. చూస్తే చాలనుకున్నాను. ఆవిడ సంచి బరువుగా ఉన్నట్టుంది, చేతులు మార్చుకుంటూ దిగిపోయారు. ఆరేళ్లప్పుడు కూడా మీరు వెళ్లడం నేను వెనక నుంచే చూశాను. రెండోసారి చూడగలనని అనుకోలేదు.

అడగాలనుకున్న సంగతి ఇది. మే పద్దెనిమిదిన నా పెళ్లి. అతని పేరు రెంతరో, మా కంపెనీలోనే బట్టీ చూసుకుంటాడు. పెళ్లి విందు చివర్లో వధువు తల్లికి ఉత్తరం చదివి పూలగుత్తి ఇస్తుంది కదా. ఆ పూలు ఎవరికివ్వాలా అని నేను నలిగిపోతుంటే హరుయే అమ్మే అంది: "పిచ్చిదానా, ముందు కన్నతల్లిని పిలువు. ఆవిడ వస్తే నేను పక్కన నిలబడతాను. నాకేం తక్కువైపోదు." ఆ మాట పట్టుకునే మీకు మొదటి ఉత్తరం రాశాను. హోటలు గురించి అడిగింది అందుకే. ఊళ్లో ఉండమంటారా, దూరంగా ఉండమంటారా, ఆ ఒక్క జవాబుతో నాకు తెలిసిపోతుందనుకున్నాను. తెలిసింది కూడా. తెలిసీ వచ్చాను.

తిరిగొచ్చాక హరుయే అమ్మ గుమ్మంలోనే అడిగింది, "వస్తానన్నారా?" అని. ఆరోగ్యం బాగాలేదట, అన్నాను. వెంటనే వంటింట్లోకి వెళ్లి, మీకు పంపమని రేగుపళ్ల మురబ్బా సీసా తెచ్చింది. ఆ సీసా ఇంకా నా గదిలోనే ఉంది. పంపాలంటే ఇంకో అబద్ధం కలపాలి.

పూలు హరుయే అమ్మకిస్తాను. ఇరవై ఏళ్లు నాకు అన్నం డబ్బా కట్టిన చెయ్యి అది.

తదాకి గారికి నా నమస్కారాలు చెప్పండి. ట్రాములో ముందు సీటు మాట చదివి ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేకపోయాను. ఆయన మంచివారు. కానీ ఆ సీటులో కూర్చోవాల్సిన పిల్ల ఇప్పుడు లేదు.

దయచేసి పెళ్లికి రావద్దు. వస్తే నేను ఆ రోజంతా గుమ్మం వైపే చూస్తూ ఉంటాను. మేడ మీద గదిని వాడుకోండి. ఖాళీగా ఉంచకండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

కమియా చిగుస


సప్పోరో, మినామి వీధి
మే 18

చిగుసకి,

నువ్వు చెప్పినట్టే రాలేదు. దీనికి జవాబు రాయొద్దు.

పొద్దున ఆయన ట్రాముకి వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "ఎన్ని గంటలకి?" అని మాత్రం అడిగారు. పదకొండు ఉండొచ్చన్నాను. ఆ సమయానికి తాను పార్కు దగ్గర మలుపు తిప్పుతుంటానని చెప్పి వెళ్లారు.

నేను ఎర్రన్నం వండాను. ఎవరి కోసమో ఆలోచించలేదు, చెయ్యి దానంతట అదే ఎర్ర చిక్కుడు గింజలు నానబెట్టింది. పదకొండయ్యేసరికి ఆవిరి పోయింది. ఒక డబ్బాలో సర్ది, పైన నువ్వులూ ఉప్పూ చల్లి నుమాటా గారి తలుపు తట్టాను.

"ఎర్రన్నమా! ఏం శుభకార్యమండీ?"

"మా అమ్మాయి పెళ్లి. నగోయాలో. ఇప్పుడే."

"మీకు అమ్మాయి ఎక్కడుందండీ?" అని నవ్వబోయింది.

"ఉందండీ. మీరు చూశారు. ఫిబ్రవరిలో, విమానాశ్రయంలో. ఎవరో తెలీదన్నాను చూడండి, ఆ అమ్మాయి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. డబ్బా రెండు చేతులతో పట్టుకుంది. పెళ్లికి ఎందుకు వెళ్లలేదని అడగలేదు. నా చేతులు చూసిందో, మొహం చూసిందో తెలియదు. మెల్లగా అడిగింది.

"ఏం పేరు?"

"చిగుస."

ఎంత మెల్లగా అన్నానో, ఆవిడకి వినపడలేదు. "ఆ?" అంది. మళ్లీ చెప్పాను, ఈసారి వీధి మొత్తానికి వినపడేలా.

సచియే